ఆకలేసిన నరాల కణం

పాఠకులారా, కంటికి కనబడని సూది కంటే మానవజాతికి మేలు చేసిన వస్తువు మరొకటి లేదు. మామూలు సూది గుచ్చుకుంటే నొప్పి తెలుస్తుంది. ఇది గుచ్చుకుంటే పేరొస్తుంది!

మా సింగపూర్ ప్రయోగశాలలో చేసేది ఆ సూదులే. గాజు గొట్టాన్ని కాల్చి సాగదీస్తే వెంట్రుకలో వెయ్యో వంతు మొన వస్తుంది. దాన్ని ఒకే ఒక్క నరాల కణంలో దించి, అదేమంటోందో వినాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ మొనలు తీస్తున్నది టెక్నీషియన్ రోస్నా. వినేది మా పెద్ద, ప్రొఫెసర్ టియో బూన్ కియాట్. విన్నదాన్ని పత్రికలకు రాసి పంపేది నేను.

పోయిన మార్చిలో కణం మాట్లాడింది. ఏ రోజు ఏ కణాన్ని గుచ్చినా సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి గోల మొదలుపెట్టి, రెండింటికి సద్దుమణిగేది. "దీనికి ఆకలేస్తోందయ్యా" అన్నారు ప్రొఫెసర్. నేను లోకమంతా చాటాను. కడుపే లేనిదానికి ఆకలి పుట్టించడం సామాన్యమా?

రోస్నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. "కణం లేకుండా ఉత్త ఉప్పునీళ్లలో సూది పెట్టి చూశాను ప్రొఫ్. వాటికీ ఆకలేస్తోంది. ఆ గోల గోడవెనక లిఫ్టు మోటారుది. అందరూ చికెన్ రైస్ తినడానికి కిందికి దిగే వేళ కదా."

"ఉప్పునీళ్ల ఆకలి మన ప్రాజెక్టులో లేదు రోస్నా."

"తప్పని మనమే చెప్పేద్దాం ప్రొఫ్."

"నీ కాంట్రాక్టు జూన్ వరకేనా?" అని మెల్లగా అడిగారాయన.

లక్షల కణాల్లో ఒక్కదాన్ని గురిచూసి గుచ్చడమంటే ఇదీ!

జూన్‌లో కణం ఆకలిని కళ్లారా చూడాలని విదేశీ పరీక్షకులు ఉదయం పదిన్నరకే దిగారు. పన్నెండు దాకా ఆగే తీరిక లేదన్నారు. ఆ వేళకు లిఫ్టు ఎవరెక్కుతారు? అంతమాత్రాన సైన్సు ఆగుతుందా? ప్రొఫెసర్ మమ్మల్ని పదకొండు మందిని లిఫ్టెక్కించి పైకీ కిందికీ తిప్పించారు. నా వంతుకు ఇరవై రెండు సార్లు వచ్చింది. ఏడో అంతస్తులో తలుపు తెరుచుకున్నప్పుడల్లా ప్రయోగశాలలోంచి చప్పట్లు వినబడ్డాయి.

ఒకసారి తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా రోస్నా ఉంది. చేతుల్లో అట్టపెట్టె, అందులో ఆమె టీ కప్పు, చెప్పులు. కాంట్రాక్టు పొడిగించలేదని అప్పుడే చెప్పారట.

"రా అక్కా, కిందికే" అన్నాను.

"వద్దులే తమ్ముడూ. నేనెక్కితే కణానికి ఇంకాస్త ఆకలేస్తుంది" అని మెట్ల వైపు తిరిగింది.

పెట్టె బరువుగానే ఉంది. అందుకుందామని ఒక కాలు బయట పెట్టాను కూడా. నా కాంట్రాక్టు డిసెంబరు వరకే. కాలు లోపలికి తీసుకుని బొత్తాం నొక్కాను.