మా అమ్మాయి తలపై ఊరంతటి అభిప్రాయం

ఇంటికొక డాక్టరూ ఊరికొక జడ్జీ ఎందుకండీ? వంటింట్లో ఒక రేడియో ఉంటే చాలదూ! ఈ మాట నేను తమాషాకు అనడం లేదు.

మా ఊళ్లో ప్రతి ఉదయం ఆరున్నరకు, కెటిల్ ఈల వేసేలోగా, ముగ్గురు మగవాళ్లు మా వంటింట్లోకి వచ్చేస్తారు. రేడియోలోంచే లెండి. మొదటివాడు వాంబ్యాట్. అది ముద్దుపేరు, మా దేశంలో బొరియల్లో ఉండే బొద్దు జంతువు పేరు. పధ్నాలుగేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు, అసలు పేరు వాళ్లావిడకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రెండోవాడు రిటైరైన క్రికెటర్. మూడోవాడు ఏ ఆటా ఆడలేదు. అందుకే అతని గొంతు అందరికన్నా పెద్దది.

వాళ్లవల్ల దేశానికి ఎంత మేలు జరుగుతోందో మీకు తెలుసా?

పెర్త్ కుర్రాడు ఒకడు వరసగా మూడు వైడ్లు వేశాడు. కోచ్‌కు అంతుపట్టలేదు. మనవాళ్లకు నిమిషంలో పట్టింది. మొన్న ఏప్రిల్లో పెళ్లి చేసుకున్నాడట, ఇంకేం చూపు ఉంటుంది! ఒక టెన్నిస్ పిల్ల మొదటి రౌండ్లోనే ఓడిపోయింది. తప్పు ఆమె తల్లిదని తేల్చారు. తల్లి ముందు వరసలో కూర్చుందట. ఒక ఈతగాడు రాత్రిపూట వేపుడు చేపల కొట్టు దగ్గర కనిపిస్తే అతని పొట్లంలో బంగాళదుంప ముక్కలు ఎన్ని ఉండి ఉంటాయో లెక్క కట్టారు. రగ్బీ ఆటగాడు క్లబ్బు మారితే ద్రోహి అన్నారు. ఆ మాట అన్న మూడోవాడు ఇప్పటికి నాలుగు రేడియో స్టేషన్లు మారాడు, కానీ అది వేరే విషయం. ఒక గోల్ఫర్ ఏడిస్తే, మగవాడు ఏడవవచ్చా అని పావుగంట చర్చించారు. గెలిస్తే ఏడవవచ్చని తీర్మానం.

ఇంత జ్ఞానం ఉచితంగా వస్తుంటే కాదనడానికి మనసెలా ఒప్పుతుంది?

అదృష్టం చూడండి, ఈసారి ఆ జ్ఞానం మా ఇంటికే వచ్చింది.

మా అమ్మాయి టెగన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆడుతుంది, గోల్స్‌తోపాటు పాయింట్లూ లెక్కపెట్టే మా దేశపు రకం. పధ్నాలుగో నంబరు. వారంలో మూడు రోజులు పశువుల ఆసుపత్రిలో నర్సు పని కూడా చేస్తుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం ఆటలో ఎవరిదో మోచెయ్యి ఆమె కణతకు తగిలింది. పడింది, లేచింది, దులుపుకుంది. నేరుగా నడిచి వెళ్లి ఎదుటి జట్టు బెంచీ మీద కూర్చుంది! స్టాండ్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సరిగ్గా పదకొండో రోజు, గురువారం నాడు, మా జట్టుకు ఫైనల్స్‌లో మొదటి ఆట. ముందురోజు డాక్టరు చూస్తాడు. తలనొప్పి లేకపోతే ఆడవచ్చు, ఉంటే కూర్చోవాలి. అయితే తలనొప్పి స్కానులో కనిపించదు. మనిషి నోటితో చెప్పాలి.

సోమవారం ఉదయానికల్లా రేడియోలో తీర్పు వచ్చేసింది. ఆ పిల్ల ఆడి తీరాలి!

అప్పటినుంచి నాకు వైద్యులకు కొదవ లేకుండా పోయింది. మాంసం కొట్టు నెవిల్ సాసేజీలు తూస్తూ, "ఐసు పెట్టమ్మా, గురువారానికి గంతులేస్తుంది" అన్నాడు. పోస్టుమాన్ ముక్కుకు యూకలిప్టస్ నూనె రాయమన్నాడు. పంటి డాక్టరైతే నా నోట్లో రెండు చేతులూ పెట్టి మరీ మా అమ్మాయి ఎందుకు ఆడాలో ఇరవై నిమిషాలు వివరించాడు. నేను "ఆ" అన్నాను. ఒప్పుకున్నాననుకున్నాడు.

బుధవారం నాడు ఆ క్రికెటర్, "పాపం, ఈ ఏటికి ఆ పిల్ల కథ ముగిసింది" అన్నాడు. తోటలో మొక్కలకు నీళ్లు పోస్తున్న పక్కింటి నోరీన్‌కు చివరి ముక్కే వినబడింది. గంటలో ట్యూనా చేపలు, చీజ్ వేసి కాల్చిన వంటకం పెద్ద పళ్లెం నిండా పట్టుకుని మా గుమ్మంలో ఉంది. చావు జరిగిన ఇంటికి మావాళ్లు తెచ్చేది అదే.

"ఏమనాలో తెలియడం లేదు గ్లెనిస్. గుండె రాయి చేసుకో."

"అంత పళ్లెం ఒక్కదానివే ఎలా మోశావు ఆంటీ?" అంటూ ఆ పోయిందనుకున్న మనిషే నా వెనకనుంచి వచ్చి పళ్లెం అందుకుంది. రెండుసార్లు వడ్డించుకుని తింది కూడా.

ఇంతమంది మాట్లాడుతుంటే నేనొక్కదాన్నీ ఊరుకుంటే బాగుంటుందా? శుక్రవారం రేడియోకు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు కాచుకున్నాక వాంబ్యాట్ పలికాడు.

"చెప్పమ్మా, ఎవరు మాట్లాడేది?"

"గ్లెనిస్‌ని. ఆ పధ్నాలుగో నంబరు అమ్మాయి తల్లిని."

"ఓహో! అయితే నువ్వే చెప్పాలి. ఆడుతుందా, ఆడదా?"

"తలనొప్పి తగ్గలేదు. నిన్న కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టింది."

"మా ఆవిడైతే నన్నే పెట్టేస్తుంది!" అన్నాడు మూడోవాడు. ముగ్గురూ విరగబడి నవ్వారు.

"చూడమ్మా," అన్నాడు వాంబ్యాట్, నిజంగా ఎంతో దయగా. "నా తలకు ఏడుసార్లు దెబ్బ తగిలింది. ఏడుసార్లూ మరుసటి వారమే ఆడాను. నాకేమైంది చెప్పు? ఇంతకీ నీ పేరేమన్నావు?"

"గ్లెనిస్."

"ఆ, గ్లెనిస్. చూడమ్మా, నా తలకు ఏడుసార్లు దెబ్బ తగిలింది..."

"ఇందాకే చెప్పారండీ."

"చెప్పానా?"

 ఆ వెంటనే మిగతా ఇద్దరూ అవసరానికి మించి గట్టిగా నవ్వి పరుపుల ప్రకటన వేసేశారు.

చూశారా, ఏడు దెబ్బలు తిన్నా మనిషి ఎంత నిక్షేపంగా ఉన్నాడో!

ఇక సోమవారం వచ్చింది. మర్నాడే నవంబరు పెద్ద గుర్రప్పందెం. గెలుస్తుందని అందరూ డబ్బు కట్టిన గుర్రానికి కాలు స్కాన్ చేస్తే ఎముకలో వెంట్రుకవాసి గీత కనిపించిందట. పందెం నుంచి తప్పించారు. ఆ ఉదయం రేడియోలో ముగ్గురి గొంతులూ వెన్నలా కరిగిపోయాయి.

"నోరులేని జీవి," అన్నాడు క్రికెటర్.

"దాని ఆరోగ్యం ముందు పందెమెంత?" అన్నాడు మూడోవాడు. నిజంగానే ఏడ్చాడు, అబద్ధమెందుకు చెప్పాలి.

తర్వాత ముక్కు చీదుకుని, "సరే, మన పధ్నాలుగో నంబరు నాటకం ఎంతవరకు వచ్చిందో చూద్దాం" అన్నాడు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇంతసేపూ ఊరిమీద పడ్డాను. మంగళవారం సాయంత్రం టెగన్ ఆట బట్టలు మడతపెడుతున్నాను. గురువారం చూడ్డానికి మా ఆయన కీత్ తరఫువాళ్లు ఏడుగురు వస్తున్నారు. పధ్నాలుగో నంబరు ఐసింగుతో రాసి కేకు కూడా చేశాను. మడతపెడుతూ, ఏదో ఉప్పు అందించమన్నంత మామూలుగా అన్నాను.

"రేపు డాక్టరు అడిగితే బాగానే ఉందని అనరాదూ? ఒక్క ఆటేగా!"

టెగన్ నా చేతిలోంచి ఆట చొక్కా తీసుకుంది. సోమవారమంతా ఆమె పశువుల ఆసుపత్రిలో స్కాన్ కోసం గుర్రాల కాళ్లే పట్టుకుని నిలబడింది.

"గుర్రానికి అబద్ధం చెప్పడం రాదమ్మా," అంది. "అందుకే బతికిపోయింది."

ఒక్క ఆటేగా అన్న ఆ అభిప్రాయం మాంసం కొట్టు నెవిల్‌ది కాదండీ. నాది. పంటి డాక్టరు చేతులు అప్పుడు నా నోట్లో లేవు కూడా.

బుధవారం ఆమె డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. గురువారం నాతోపాటు స్టాండ్లో కూర్చుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, కేకు తింది. మా జట్టు నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది.

శుక్రవారం ఆరున్నరకు రేడియో మోగింది. ధైర్యం ఉన్న పిల్ల ఒక్కతె ఉంటే గెలిచేవాళ్లమన్నాడు క్రికెటర్. ఈ కాలం పిల్లలకు గుండె లేదన్నాడు మూడోవాడు. "నా తలకు ఏడుసార్లు..." అని మొదలుపెట్టాడు వాంబ్యాట్. "ఆ పిల్ల ఉందే, ఆ పిల్ల... ఏంటి దాని పేరు?"

ఎవరూ అందించలేదు. ఈసారి నవ్వూ రాలేదు, ప్రకటనా రాలేదు.

"పదిరోజులుగా చెబుతూనే ఉన్నానే... ఏంటబ్బా దాని పేరు?"

నేను రేడియో కట్టేయబోయాను. టెగన్ చెంచా పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆయన్ని ఎవరైనా డాక్టరుకు చూపించారా?"

ఈ ప్రశ్న మీద మీకేమైనా అభిప్రాయం ఉంటే ఆ స్టేషన్‌కు ఫోన్ చేయండి. నేను చేసి చూశాను. నలభై నిమిషాలు కాచుకోనక్కర్లేదు. విషయం చెప్పగానే ఫోన్ పెట్టేస్తారు.