ఫ్లెక్సీ మీది రోడ్డు

చట్టం మీద తనకు సంపూర్ణ విశ్వాసం ఉందని, దుప్పి కేసును చట్టపరంగానే ఎదుర్కొంటానని మా లీడరు తుల్సీరాం గారు భద్రాచలం బ్రిడ్జి సెంటర్లో మైకు పట్టుకుని ప్రకటించారు. అంత విశ్వాసం ఉన్న మనిషిని నేను నా జన్మలో చూడలేదు. ఎనభై ఆరులో గోదావరి ఊరి మీదికి వచ్చినప్పుడు మా చర్చి ఫాదరు గారు కూడా దేవుణ్ని అంత గట్టిగా నమ్మలేదు, పక్కన ఒక పడవను కూడా చూసి పెట్టుకున్నారు. తుల్సీరాం గారు కూడా అంతే, పక్కన ఒక వకీలును చూసి పెట్టుకున్నారు.

ఆ వకీలు మా ఇంట్లోనే ఉంటుంది. పేరు ఉషారాణి. తండాలో పుట్టి, హాస్టల్లో చదివి, నల్లకోటు వేసుకున్న పిల్ల. మా ముందరి గది కిరాయికి తీసుకుని ఆఫీసు పెట్టుకుంది. ఆ గదికీ నా వరండాకూ నడుమ గోడ ఉంది గానీ తలుపు లేదు, గోనెపట్టా పరదా ఉంది. నేను ఇవతల కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతుంటాను. చేతులకూ పని, చెవులకూ పని.

కేసు సంగతి చెప్పాలి కదా. రెండువేల ఎనిమిది ఎండాకాలంలో, పర్ణశాల దాటాక వచ్చే అడవిలో తుల్సీరాం గారు ఒక దుప్పిని కాల్చారు. కాల్చి ఊరుకుంటే అది ఆయనకూ అడవికీ మధ్య మాట. కానీ గొప్పవాళ్లు తమ గొప్పతనాన్ని ప్రజలతో పంచుకోకుండా ఉండలేరు. ఫ్లెక్సీ వేయించారు. అందులో ఆయన తుపాకి పట్టుకుని, దుప్పి మీద కాలు పెట్టి నిలబడి ఉంటారు. పక్కన సింహం. వెనక, చెట్ల నడుమ నల్లగా మెరిసే తారు రోడ్డు. పైన ‘నాడు రాముడు, నేడు తుల్సీరాముడు’ అనీ, కింద ‘తండాకు రోడ్డు తెచ్చిన వనసింహం’ అనీ రాసి ఉంటుంది. దాన్ని తీసుకుపోయి ఫారెస్టు ఆఫీసుకు ఎదురుగానే కట్టారు.

ఫారెస్టు వాళ్లు మర్యాదస్తులు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దానికి దండం పెట్టి పోయేవాళ్లు. రాముడి దర్శనానికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దాఫీసరు గారి కారు సరిగ్గా అక్కడే పంక్చరు కావడంతో చిక్కు వచ్చి పడింది. టైరు మార్చేదాకా నిలబడ్డ మనిషి ఎదురుగా ఉన్నది చదవకుండా ఎట్లా ఉంటాడు?

అట్లా తుల్సీరాం గారు వానలో మా గుమ్మం ఎక్కారు.

“అన్నా, నాకు మాత్రం నిజం చెప్పాలె,” అంది ఉషారాణి. “దుప్పిని కొట్టినవా, లేదా?”

“ఒక్కటే తూటా చెల్లె! గంత దూరం నుంచి. ఉన్నోళ్లంత చప్పట్లు కొట్టిండ్రు.”

“అయితే జైలే. శిక్ష గట్టిగ పడ్డదంటే వచ్చే ఎలక్షన్ల నామినేషన్ గూడ ఉండది.”

తుల్సీరాం గారు ఒక్క క్షణం ఆలోచించారు. నాయకులకు క్షణం చాలు.

“అయితే కొట్టలే.”

“కూర తిన్నోళ్లు చెప్తే?”

“అందరు మనోళ్లే. కేసయిన కాడి నుంచి ఒక్కడు నీసు ముట్టడం లేదు.”

“కొమ్ములు?”

“గోదావరిల ఉన్నయ్.”

“ఇగ మిగిలింది ఫ్లెక్సీ.”

“మంచిగొచ్చింది గదా?” అన్నారు ఆయన, ఆపుకోలేక.

తర్వాత ఫీజు మాట వచ్చింది. ఉషారాణి ఫీజు వద్దంది. “మా తండాకు రోడ్డెయ్యి అన్నా. అదే నా ఫీజు.”

“ఏసిన గద చెల్లె! ఫ్లెక్సీ చూడలేదా?”

ఆ మాట అనే సమయానికి ఉషారాణి తల్లి చాంది మా పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. వానాకాలంలో కూతురి దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె కాళ్లకు మోకాళ్ల దాకా బురదే. కిందటేడు ఆమె కోడలిని కాన్పుకు మంచం మీద మోసుకొస్తుంటే ఆ బురదలోనే నొప్పులు ముదిరి, దారిలోనే బిడ్డ పుట్టింది. చాంది తడి కాళ్లతోనే లోపలికి వచ్చింది.

“రోడ్డేసినవా కొడకా? ఏడుందో జర చూపియ్యి. గీ కాళ్లు కడుక్కునే బాధన్న తప్పుతది.”

“రికార్డుల ఉన్నది యాడీ,” అన్నారు తుల్సీరాం గారు. తండా మాటలో యాడీ అంటే అమ్మ. అమ్మా అని పిలిచి మరీ చెప్పారు. అంత మర్యాద ఎవరికి వస్తుంది?

ఆ మాట విన్నాకే ఉషారాణి కేసు ఒప్పుకుంది.

ఆ తర్వాత మా ముందరి గదిలో తుల్సీరాం గారికి చదువు మొదలైంది. తుపాకి పట్టలేని మనిషి దుప్పిని ఎట్లా కొడతాడు? కాబట్టి చేతులు వణకాలి. ఉషారాణి రోజూ ఒక గ్లాసు టీ చేతికి ఇచ్చి వణకమనేది. మొదట్లో వణకలేదు. అలవాటు లేదు పాపం, ఆ చేతులు ఏది పట్టుకున్నా గట్టిగానే పట్టుకుంటాయి. పట్టుదల గల మనిషి కనుక నేర్చుకున్నారు. ఆయనకు విద్య వచ్చిందన్న సంగతి నా విస్తళ్ల మీద టీ పడ్డప్పుడు నాకు తెలిసింది.

“చెల్లె, గిట్ల వణికితే ఓటర్లేమంటరు?” అని ఒకనాడు దిగులుపడ్డారు. “గ్లాసు పట్టలేనోడు గవర్నమెంటునేం పడతడంటరు.”

“జైల్ల కూసోని ఏం పడతవన్నా?”

“అది గూడ నిజమే.”

“వణుకు ఒక్కటే చాలది. ఫ్లెక్సీ మొత్తం అబద్ధమని తేలాలె.”

“మొత్తమా? దాంట్ల నా పేరున్నది గదా!”

“పేరు ఉంచుదాం అన్నా.”

చలి తగ్గే రోజుల్లో కేసు విచారణకు వచ్చింది. మామూలు వాళ్ల కేసయితే మనవలు పుట్టేదాకా నడుస్తుంది. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి కనుక న్యాయం కూడా కొంచెం జల్దీ నడిచింది. నేనూ చాందీ పోయి వెనక బెంచీలో కూర్చున్నాం. కోడలికి మళ్లీ నాలుగో నెల అని చాంది చెవిలో చెప్పింది. సంతోషపడాలో భయపడాలో తెలియని మొహం పెట్టింది.

సాక్ష్యంగా తెచ్చిన ఫ్లెక్సీ కోర్టులో పట్టలేదు. నాలుగు బెంచీల మీద పరిచారు. తుల్సీరాం గారి తల జడ్జి గారి దగ్గర, కాళ్లూ దుప్పీ మా దగ్గర. దాన్ని తయారు చేసిన క్రాంతికుమార్‌ను బోనులోకి పిలిచారు. మా చర్చి పిల్లాడే. క్రిస్మస్‌కు స్టార్ కట్టేదీ వాడే, ఎలక్షన్లకు స్టార్లను తయారు చేసేదీ వాడే.

ఉషారాణి లేచింది. “ఈ సింహం ఏ అడవిలది?”

“నెట్‌లది మేడమ్.”

“ఈయన పొడుగు?”

“గుంజినం మేడమ్. జర గుంజమన్నరు.”

“జుట్టు?”

క్రాంతికుమార్ తుల్సీరాం గారి వైపు చూశాడు. ఆయన సిగ్గుతో తల వంచుకున్నారు. జవాబు కోర్టుకంతా కనిపించింది.

“మరి దుప్పి?”

బైబిలు మీద చెయ్యి పెట్టి వచ్చిన పిల్లాడాయె. “దుప్పిని ఫ్లెక్సీల పెట్టింది నేనే మేడమ్,” అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

“వెనకున్న రోడ్డు?”

“మలేషియాది.”

కోర్టు గొల్లుమంది. తుల్సీరాం గారు ముద్దాయి బోనులో నుంచే “అబ్జెక్షన్!” అని అరిచారు. సొంత వకీలుకు అబ్జెక్షన్ చెప్పిన మొదటి మనిషి ఆయనే అయి ఉంటారు.

“రోడ్డు నిజం సార్! నేనేసిన! మిగతాదంత మా చెల్లె చెప్పినట్టే గానీ, రోడ్డు మాత్రం నిజం!”

జడ్జి గారు కళ్లద్దాలు తీశారు. “అంటే ఈ ఫ్లెక్సీలో కొంత నిజం ఉందంటారు.”

సర్కారు వకీలు ఆవలింత మధ్యలో ఆపి లేచాడు. “రోడ్డు నిజమైతే దుప్పి కూడా నిజమే యువరానర్!”

ఉషారాణి మెత్తగా అంది, “మంచిగ ఆలోచించి చెప్పు అన్నా. ఫ్లెక్సీ ఒక్కటే.”

అప్పుడు తుల్సీరాం గారి చేతులు వణికాయి. టీ గ్లాసు లేకుండానే వణికాయి. రోడ్డు ఉందంటే జైలు, లేదంటే తండాల ముందు పరువు. అంత బరువు ఏ నాయకుడికీ రాకూడదు.

“రోడ్డు లేదు సార్,” అన్నారు.

“వినిపించలేదు. రాసుకోవాలి.”

“లేదు సార్! ఎయ్యలే! రోడ్డే లేదు! అంత గ్రాఫిక్స్!”

చాంది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “రాసుకుంటున్నరా జోజక్కా?”

“రాసుకుంటున్నరే.”

ఫ్లెక్సీలో ఉన్నదాన్ని నమ్మడానికి వీల్లేదని తీర్పు వచ్చింది. తుల్సీరాం గారు నిర్దోషి అయ్యారు. బయట టపాకాయలు కాలుస్తుంటే ఉషారాణి మాత్రం తీర్పు కాపీని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇంటికి వచ్చింది.

“అమ్మమ్మా, నేనీ కేసు పట్టింది దుప్పి కోసం కాదు,” అంది నాతో. “ఇన్నేండ్లు ఏ ఆఫీసుకు పోయినా రోడ్డున్నదనే అన్నరు. ఇప్పుడు ఆయన నోటితోనే లేదనిపించిన. కోర్టు రాసింది. ఇగ ఎవ్వడు ఉన్నదనలేడు.”

తీర్పు కాపీ జతచేసి, తమ తండాకు రోడ్డు కావాలని దరఖాస్తు పెట్టింది. నిజంగానే ఏ ఆఫీసరూ కాదనలేకపోయాడు. నా గదికి కిరాయి పెంచుదామనుకున్నదాన్ని ఆ పిల్ల తెలివి చూసి మానుకున్నాను.

నెల తిరక్కుండానే తుల్సీరాం గారు పూలదండ, స్వీటు డబ్బా పట్టుకుని వచ్చారు. ఎమ్మెల్యే టికెట్ వచ్చింది. మోసిన నిందను కోర్టులో కడుక్కున్న మనిషని పార్టీ మెచ్చుకుందట.

“నీ దయ చెల్లె! ఇంకో ముచ్చట చెప్పనా? తండాకు రోడ్డు శాంక్షనైంది. కోర్టే లేదన్నంక లేని రోడ్డు ఎయ్యాలె గదా! కాంట్రాక్టు మనకే.”

ఉషారాణి చేతిలో స్వీటు చేతిలోనే ఉంది. “మరి పాత రోడ్డు పేరు మీద ఎత్తిన బిల్లు?”

“ఏ పాత రోడ్డు?” అని ఆశ్చర్యపోయారు తుల్సీరాం గారు. “గట్ల మాట్లాడొద్దు చెల్లె. కోర్టును గౌరవించాలె.”

చట్టం మీద ఆయనకు ఉన్న విశ్వాసం గురించి మొదటే చెప్పాను కదా.

తండాకు పోయే మలుపులో శంకుస్థాపన జరిగింది. ఒక రాయి, ఒక కొబ్బరికాయ, ఒక ఫ్లెక్సీ. ఈసారి ఫ్లెక్సీ ఇంకా పెద్దది. సింహం అట్లాగే ఉంది. మలేషియా రోడ్డు ఇంకా వెడల్పయింది. దుప్పిని మాత్రం తీసేశారు. ఆయన కాలి కింద దుప్పి ఉన్న చోట ఉషారాణి ఫొటో పెట్టి, ‘న్యాయపోరాటంలో అండగా నిలిచిన చెల్లెమ్మ’ అని రాయించారు. ఉషారాణి అది చూసి వచ్చిన రోజు అన్నం తినలేదు. తుల్సీరాం గారు గెలిచారు.

వానలు పడ్డాయి. రాయి ఉంది, రోడ్డు రాలేదు.

శ్రావణంలో ఒక పగటి పూట చాంది కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఆటో పెద్దరోడ్డు మీదే ఆగిపోయింది, బురదలోకి రానంది. ఆ సాయంత్రం చాంది మా ఇంటికి వచ్చింది. తల్లీ బిడ్డా దవాఖానాలో క్షేమం, ఆడపిల్ల అని చెప్పింది. పంపు వైపు పోలేదు. ఉషారాణి తల్లి కాళ్ల వైపు చూసింది. పాదాల మీద తడి తప్ప మట్టి లేదు.

“ఎట్లొచ్చిండ్రే?” అని నేనే అడిగాను.

“రోడ్డు మీద వచ్చినం,” అంది చాంది.

గుంజల మీది ఫ్లెక్సీని విప్పి, బురద మీద పరిచి, ఆ కోడలిని నడిపించారట. ఫ్లెక్సీ అయిపోయిన చోట వెనక నుంచి గుంజి మళ్లీ ముందర పరిచారట. మంచి ఫ్లెక్సీ, ఎక్కడా చిరగలేదు. క్రాంతికుమార్ పని అట్లాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ తండాకు రోడ్డు ఉంది. ఎమ్మెల్యే గారు పుట్టినరోజు చేసుకున్నప్పుడల్లా ఇంకాస్త ముందుకు సాగుతోంది. మంచి రోడ్డే. ఆయన మొహం ఉన్న చోట మాత్రం కొంచెం జారుతుందట, చూసుకుని అడుగు వేయాలి.