పరిశీలనలో ఉన్న ప్రాణరథం

పుంగనూరు బస్టాండు ఎదుట షామియానా కింద నిలబడి ప్రాణరథ సమన్వయ కమిటీ చైర్మన్ రెడ్డెప్పగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఇకమీదట ఈ ప్రాంతంలో వైద్యం అందక ఎవరూ చనిపోరు. పోవలసి వచ్చినా, వైద్యం అందిన తర్వాతే పోతారు. నేను చప్పట్లు కొట్టాను. బడిలో తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి, వాక్యంలో వ్యాకరణ దోషం లేదని రూఢి చేసుకొనే కొట్టాను.

ప్రాణరథం అంటే ఒక తెల్లటి వ్యాను. డయాలసిస్ అవసరమైనవాళ్ళను పుంగనూరు నుంచి మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయి, మళ్ళీ ఇంటి ముందు దింపుతుంది. దానికి రెండు పక్కలా రెడ్డెప్పగారి నిలువెత్తు బొమ్మ. కిటికీలు సరిగ్గా ఆయన భుజాల దగ్గర పడటంతో, లోపలి రోగులను ఆయనే మోసుకుపోతున్నట్టు ఉండేది. అలా మోయబడినవారిలో నా భార్య భారతి ఒకతె. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, రక్తం శుభ్రం చేయించకపోతే ఆమెకు ఒంట్లో నీరు చేరి ఊపిరి ఆడదు. తోడుగా నేనూ ఎక్కేవాణ్ణి.

ఒకనాటి ఉదయం, దారిలో మనిషి గాని మేక గాని అడ్డం లేనిచోట, చదునైన రోడ్డు మీద, నాలుగు చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. వ్యాను పక్కకు తిరిగి, ఎదురుగా వస్తున్న టమోటా లారీకి జానెడు దూరంలో ఆగింది. భారతి నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. డ్రైవరు వెంకటముని కిందికి దిగి, సాక్ష్యం కోసమన్నట్టు తన రెండు కాళ్ళూ చూపించాడు.

"బ్రేకు మింద కాలు పెట్టనే లేదు అయ్యోరా. అదే పట్టేసుకునింది."

రెడ్డెప్పగారు విలేకరులతో సహా వచ్చారు. ఇతర ప్రాంతాల్లో బ్రేకులు పడక మనుషులు పోతున్నారనీ, మన బండికి మాత్రం ఎవరూ చెప్పకుండానే బ్రేకులు పనిచేస్తున్నాయనీ వివరించారు. అది మరుసటి రోజు పేపర్లో వచ్చింది.

బండిని మదనపల్లెలో దాన్ని అమ్మిన షోరూముకు చేర్చారు. అక్కడ ఏసీ ఉంది, కాఫీ ఇస్తారు, సర్వీసు అడ్వైజరు కిరణ్ కుమార్ నవ్వుతూ మాట్లాడతాడు. అతను బండికి కంప్యూటరు తగిలించి చూశాడు. బండిలో ఏ లోపమూ లేదని కంప్యూటరు చెప్పింది.

"కంప్లైంటు మా ముందర మళ్ళా రావల్ల సార్. రాకుంటే కంపెనీవాళ్ళు పార్టు పంపించరు," అన్నాడు.

కుప్పం బ్రాంచిలో బ్రేకుల మిషను ఉందని, వ్యానును లారీ మీద ఎక్కించి అక్కడికి పంపారు. బండి అమ్మినవాళ్ళే చూడాలని కుప్పంవాళ్ళు తిప్పి పంపారు. అమ్మినవాళ్ళు మళ్ళీ కుప్పానికి పంపారు. ప్రాణరథం సేవలను కుప్పం వరకు విస్తరించినట్టు రెడ్డెప్పగారు ప్రకటించారు.

అది టమోటా కాలం. ఊళ్ళో చక్రాలున్న ప్రతిదీ మార్కెట్ యార్డుకే పోతుంది. దొరికిననాడు ఆటోలో తీసుకుపోయేవాణ్ణి. దొరకనినాడు భారతి రెండు దిండ్లు ఆనుకొని కూర్చొనే నిద్రపోయేది. మరో బండి ఇప్పించమని వెళ్ళి అడిగితే రెడ్డెప్పగారు నొచ్చుకున్నారు.

"ఇంగోటి ఇస్తే ఇది చెడిపోయిందని మనమే ఒప్పుకున్నట్టు గాదా అయ్యోరా? అది చెడిపోలేదు. పరిశీలనలో ఉండాది."

ఇంటికి వచ్చి భారతికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వీపు వెనక దిండు సర్దుకుంది.

"అట్లయితే నా కిడ్నీలు గూడా చెడిపోలేదు. పరిశీలనలో ఉండాయి."

కిరణ్ కుమార్‌కు చివరకు ఒక ఉపాయం తోచింది. కస్టమరు ఎక్కినప్పుడే లోపం వచ్చింది కాబట్టి, కస్టమరును ఎక్కించే పరీక్షించాలన్నాడు. కుప్పం నుంచి బండిని తెప్పించి, భారతిని కూర్చోబెట్టుకొని మదనపల్లె మార్కెట్ యార్డు చుట్టూ, టమోటా పెట్టెల మధ్య తిప్పారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అల్లరి పిల్లవాడు కూర్చున్నంత బుద్ధిగా బండి నడిచింది.

"మీరు ఊరికే భయపడినారేమో మేడమ్," అన్నాడతను.

"భయపడింది చక్రం నాయనా. నేను గాదు."

ప్రయాణికురాలి అపోహ అని తేలినట్టు కమిటీ పత్రికలకు తెలిపింది. ఆ సాయంత్రం భారతి పేపరు మడిచి పక్కన పెట్టి, "అది పట్టుకునింది గదా? మీరూ సూసినారు గదా?" అని అడిగింది. చూశానన్నాను. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.

మంగళవారం ఆటో దొరకలేదు. శుక్రవారానికి ముందుగానే ఒకతన్ని మాట్లాడి పెట్టాను. శుక్రవారం తెల్లవారేసరికి భారతి లేదు. ఆటో మాత్రం చెప్పిన సమయానికే వచ్చింది.

రెడ్డెప్పగారు స్వయంగా పరామర్శకు వచ్చి, లబ్ధిదారుల జాబితాలోంచి భారతి పేరు ఎప్పటికీ తీసేయబోమని మాట ఇచ్చారు. ఆయన వెంట వచ్చినవాళ్ళకు కళ్ళు చెమర్చాయి.

కర్మలు అయిన తర్వాత కిరణ్ కుమార్ ఫోన్ చేశాడు. బండిని అప్పగించే ముందు ఒక్కసారి చివరి పరీక్ష ఉందనీ, మేడమ్‌ను తీసుకురమ్మనీ అడిగాడు.

"ఆమె రాలేదు," అన్నాను. తెలుగులో అది మంచి మాట. జరిగినదానికీ జరగబోయేదానికీ అదొక్కటే సరిపోతుంది.

"పోనీ మీరన్నా రండి సార్. కూసుంటే సాలు."

వెళ్ళి ఆమె కూర్చునే కిటికీ పక్కన కూర్చున్నాను. ముందు సీట్లో రెడ్డెప్పగారు, నా వెనక సీట్లో కిరణ్ కుమార్, బండి వెనకాల జీపులో విలేకరులు. మదనపల్లె దాటి పుంగనూరు రోడ్డెక్కాక, ఏ అడ్డమూ లేనిచోట, నాలుగు చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. వెంకటముని రెండు కాళ్ళూ పైకెత్తి చూపించాడు. రెడ్డెప్పగారి నుదురు ముందు అద్దానికి తగిలి బొప్పి కట్టింది. ఆయన ఆ బొప్పితోనే కిందికి దిగి, కంప్యూటరుకు సైతం దొరకని లోపాన్ని కమిటీ ప్రాణాలకు తెగించి వెలికితీసిందని విలేకరులకు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

కిరణ్ కుమార్ రోడ్డు పక్కన నిలబడి పార్టు కోసం చెన్నైలోని కంపెనీకి ఫోన్ చేశాడు. ఈసారి వాళ్ళు సరేనన్నారు. అతను పరుగున నా కిటికీ దగ్గరకు వచ్చాడు. మంచి పిల్లవాడు, మొహం వెలిగిపోతోంది.

"మేడమ్‌కు సెప్పండి సార్. ఆయమ్మ సెప్పిందే నిజం. నేనే నమ్మలేదు."

చెప్తానన్నాను.