గడప దాటినవారి కౌంటరు

పత్రికల ఆదివారం అనుబంధాల్లో కథ చివర గడప దాటి వెళ్లిపోయే ఆడవాళ్లంతా సోమవారం పొద్దున మా జిల్లా కేంద్రం బస్టాండులో దిగుతారు కాబట్టి, మునిసిపాలిటీవాళ్లు వాళ్ల కోసం సామాన్ల గది పక్కన ఒక కౌంటరు తెరిచారు. చివర్లో భర్తను క్షమించేసినవాళ్లు ఇక్కడికి రారు, వాళ్లు ఇంట్లోనే ఉంటారు. కాలవలో దూకినవాళ్లు ఇరిగేషన్ శాఖ కిందికి వస్తారు. తల ఎత్తుకుని, వెనక్కి చూడకుండా, ఉదయించే సూర్యుడి వైపు నడిచిపోయినవాళ్లు మాత్రమే ఈ కౌంటరులో పేరు రాయించుకోవాలి. మామూలు వారాల్లో ముగ్గురో నలుగురో వస్తారు గానీ, ఉగాది ప్రత్యేక సంచికలప్పుడు వరస టీ కొట్టు దాకా పోతుంది.

హిమజ అలా దిగిన మనిషే. కౌంటరులో కూర్చునే నాంచారమ్మ ఆమెకు కుర్చీ చూపించి, వివరాలు నింపడానికి అచ్చయిన కథను ముందేసుకుంది. కళ్ల గురించి అరపేజీ ఉంది. జడ గురించి ఒక పేరా ఉంది. నడుము గురించి రాయాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. చదువు గురించి ఒక్క ముక్క లేదు, ఇంటిపేరు లేదు, వయసు దగ్గర ‘నిండు యవ్వనం’ అని ఉంది. వచ్చిన పనుల కింద డికాషను తీయడం, చప్పుడు లేకుండా ఏడవడం, ఆఖరి పేజీలో భర్తను నిలదీస్తూ చేసిన ఉపన్యాసం తేలాయి. చేతిలో సూట్‌కేసు ఉంది గానీ అందులో ఏముందో రచయిత రాయలేదు, అందువల్ల అది తెరుచుకోదు. నాంచారమ్మకు ఇది కొత్త కాదు, సామాన్ల గదిలో అలాంటివి అటక దాకా పేర్చి ఉన్నాయి.

నిబంధన ఏమిటో నాంచారమ్మ నెమ్మదిగా చెప్పింది. మళ్లీ ఆదివారం వచ్చేలోగా హిమజ తలదాచుకునే చోటు చూపించాలి. చూపించలేకపోతే, ముగింపును రచయిత పాఠకుల ఊహకే వదిలేశాడని లెక్క. అప్పుడు పాఠకులను టౌన్ హాలుకు పిలిచి విచారణ జరిపి, ఎక్కువమంది ఏ చోటు ఊహించారో అక్కడికి పంపించేస్తారు. ఇప్పటిదాకా వచ్చినవాళ్లందరి విషయంలోనూ ఎక్కువమంది ఒక్క చోటే ఊహించారట. అంటే హిమజకు కావలసింది ఒక గది, అంతే.

ముందుగా శేషగిరిరావు గారింటికి వెళ్లింది. ఆయన రిటైరైన తెలుగు లెక్చరరు. కథ చదివి ‘ఆత్మగౌరవమంటే ఇదీ’ అని పత్రికకు ఉత్తరం రాసిన మనిషి. కళ్లను బట్టి ఆమెను ఇట్టే గుర్తుపట్టి, సోఫాలో కూర్చోబెట్టి, ఆమె ఉపన్యాసాన్ని ఆమెకే చదివి వినిపించాడు. మేడ మీద గది ఖాళీగా ఉంది, గేటుకు టు-లెట్ బోర్డు కూడా వేలాడుతోంది. అద్దె మాట ఎత్తగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“నీ మీద గౌరవం లేక కాదమ్మా. కింద మా కోడలుంది. పొద్దస్తమానం నిన్ను చూస్తూ ఉంటే బాగుండదు.”

కోడలు వంటింటి గుమ్మంలోనే ఉంది, ఆ మాట వింది, లోపలికి వెళ్లిపోయింది. తర్వాతి ఇంట్లో భర్త ఫోన్ నంబరు అడిగారు. ఇంకో ఇంట్లో వచ్చేపోయేవాళ్లెవరని అడిగారు. మరో ఇంట్లో గది ఇస్తాం గానీ మెడలో తాళి ఉన్నట్టు కనబడాలన్నారు. రచయిత ఆవేశంలో దాన్ని భర్త చేతిలో పెట్టించేశాడు, ఇప్పుడెక్కడ తెస్తుంది. వారమంతా తిరిగింది. అన్ని ఇళ్లవాళ్లూ కథ చదివారు, అందరికీ నచ్చింది. నచ్చనివాళ్ల ఇల్లు ఒక్కటైనా తగిలితే హిమజకు కొంచెం ఊపిరాడేది.

ఇక మిగిలింది రచయిత. దండిగుంట విద్యానాథ్ ఆమెను చూసి నిజంగానే సంతోషించాడు. ఆ వారమే కథకు బహుమతి వచ్చింది, శాలువా ఇంకా కుర్చీ వీపు మీదే ఉంది. హిమజ కూర్చోకుండానే అడిగింది.

“ఇంకొక్క వాక్యం రాయండి చాలు. ఆమెకు ఒక గది దొరికింది, అని.”

ఆయన నొచ్చుకున్నాడు. “గడప దగ్గర ఆపడంలోనే ఉందమ్మా శిల్పమంతా. గది దొరికిందంటే కథ తేలిపోతుంది. బహుమతి ఇచ్చిందే ఆ ముగింపుకి.”

పోనీ రాయొద్దు, ఇక్కడే కొన్నాళ్లుంటానంది. మా ఆవిడ ఒప్పుకోదన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి ఖాళీ కప్పులు తీస్తోంది, ఆవిడను ఎవరూ అడగలేదు. ఒళ్లు మండాల్సింది ఇక్కడే. ఆడదాని చేత తలుపు తీయించడానికి ఈ పెద్దమనుషుల దగ్గర బోలెడంత సిరా ఉంటుంది, అవతల ఒక చాప పరచమంటే మాత్రం ఇంకిపోతుంది. హిమజకు కోపం వచ్చింది. కథలో రాసిచ్చిన కోపం కాదది, ఆమె సొంతది. దాన్ని ఏ మాటల్లో చెప్పాలో ఆమెకు ఎవరూ రాసి ఇవ్వలేదు.

ఆదివారం టౌన్ హాలు నిండిపోయింది. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చున్నారు. వేదిక కింద బల్ల దగ్గర నాంచారమ్మ ఊహలు రాసుకుంటోంది. మొదట శేషగిరిరావు లేచి, ఆమె సాయంత్రానికల్లా ఇంటికి తిరిగి వెళ్తుందనీ, అప్పటికి భర్త మారిపోయి గుమ్మంలో ఎదురుచూస్తుంటాడనీ చెప్పాడు. ఒక బ్యాంకు మేనేజరు పుట్టింటికి పంపాడు, వాళ్లు వారం ఉంచుకుని నచ్చజెప్పి దింపేస్తారన్నాడు. వెనక వరసలో కుర్రాడొకడు వీధి మలుపులో ఎవడో బండేసుకుని కాచుకుని ఉంటాడన్నాడు. అందరూ నవ్వారు, అదీ రాసుకున్నారు. విచారణలో పాత్రలు మాట్లాడే వీల్లేదు. చెప్పాల్సిందంతా ఆఖరి పేజీలో చెప్పేశారు కదా అన్నది మునిసిపాలిటీవారి వాదన.

మైకు ఆడవాళ్ల వైపు వెళ్లింది. ఒక్కొక్కరే లేచి, మా ఆయన చెప్పిందేనండి అని కూర్చున్నారు. శేషగిరిరావు కోడలు మాత్రం మైకు అందుకుని లేచింది. అవతలి వరస వైపు ఒకసారి చూసింది. మామయ్యగారు చెప్పిందే అని మైకు పక్కావిడ చేతిలో పెట్టేసింది.

టీలకు వదిలినప్పుడు కుళాయి దగ్గర ఆడవాళ్లు హిమజను చుట్టుముట్టారు. ఒకావిడ చెవిలో చెప్పింది, తాను ఊహించిన గదికి తూర్పున కిటికీ ఉందట. ఇంకొకావిడ గదిలో పొయ్యి కిటికీ కిందే ఉంది, వండుకోవాలనిపించిన రోజే వండుకోవచ్చు. మరొకావిడ ఊహలోనే అద్దె బేరమాడి, అడ్వాన్సు కూడా తగ్గించుకుంది. గడియ లోపలి వైపే ఉండాలన్నది అందరి మాటా. శేషగిరిరావు కోడలు అందరూ వెళ్లేదాకా ఆగి, వాళ్ల మేడ మీది గదిలో మంచం ఏ గోడకు వేసుకుంటే గాలి తగులుతుందో చెప్పింది. మధ్యాహ్నం ఎండ ఎంతదాకా వస్తుందో కూడా చెప్పింది.

“మరి మైకులో చెప్పలేదేం?” అని అడిగింది హిమజ.

“చెబితే, ఆ గది సంగతి నీకింత బాగా ఎలా తెలుసని అడుగుతారు కదండీ.”

హాలులో మళ్లీ గంట కొట్టారు. ఇంటింటికీ ఒకే ఊహ అని, ఆడవాళ్లు ఏకగ్రీవమని, నాంచారమ్మ రాసింది చదివి వినిపించారు. హిమజను భర్త ఇంటికే, అంటే కథ మొదటి వాక్యానికి పంపాలని తీర్పు. ఆ వాక్యంలో భర్త లోపలి గదిలోంచి కాఫీ ఏదని కేకేస్తాడు. హిమజ లేచి నిలబడింది. వీల్లేదని తెలిసినా నోరు తెరిచింది. వారం రోజుల సొంత కోపమంతా గొంతు దాకా వచ్చింది గానీ, బయటికి వచ్చింది మాత్రం ఆఖరి పేజీలోని ఉపన్యాసమే. ఆమెకు ఉన్న మాటలు అవే. ఒక్క ముక్క పొల్లుపోకుండా మొత్తం చెప్పింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. శేషగిరిరావు కళ్లు తుడుచుకున్నాడు. వచ్చే ఏడు ఈ కథను డిగ్రీ పిల్లలకు పాఠంగా పెట్టాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. తర్వాత ఆమెను బస్సెక్కించమని నాంచారమ్మకు చెప్పారు.

నాంచారమ్మ ఆమెను ఎక్కించి, తానూ ఎక్కింది, తన ఇల్లూ అటే. టౌన్ హాలు నుంచి వచ్చిన మిగతా ఆడవాళ్లూ ఎక్కారు. మగవాళ్లు బండ్ల మీద ముందే వెళ్లిపోయారు, అయినా వాళ్లు చేరేసరికి వీళ్లు ఇంట్లో ఉండాలి. కండక్టరు వీళ్లలో ఎవరు కథలోవాళ్లో ఎవరు కారో అడగలేదు, అందరికీ ఇంటికే టికెట్టు కొట్టాడు.