మేనమామల్ని మింగిన చుక్క

ఆ ఉదయం అంకారావు వేసుకున్న పథకం చిన్నదే: టిఫిను తిని, మిల్లుకెళ్ళి, చెల్లెలి శుభలేఖల పని ముగించడం. ప్రెస్సువాళ్ళు అంతా అచ్చేసి, "ఆహ్వానించువారు" కింద మాత్రం ఖాళీ వదిలారు. వదలక చస్తారా? మేనమామలిద్దరిలో గురజాలలో ఉండే ఈశ్వరయ్య వయసులో పెద్ద, కారంపూడిలో ఉండే తమ్ముడు బాలకోటయ్య పలుకుబడిలో పెద్ద. ఎవరికి వారు తన పేరే ముందుండాలని, లేకపోతే పెళ్ళికే రానని పట్టు. మేనమామ రాకపోతే పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసేదెవరు?

"మిల్లులో కంప్యూటరుందిగా మామా! ఇంగ్లీషు అక్షరాల వరసన అదే పేరుస్తది. దానికి మేనమామలు లేరు, మొహమాటం లేదు," అని అంకారావు ఇద్దర్నీ ఒప్పించాడు. నరసరావుపేట పత్తిమిల్లులో ఆ యంత్రం ముందు కూర్చునేది అతనొక్కడే. ఆ మాత్రం గర్వం ఉండదా మరి!

మామల పేర్లు యంత్రంలోకి ఎక్కించాడు: ముందు ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత చుక్క, ఆపైన పేరు. చుక్క దగ్గర విడగొట్టి, పేర్లను వరసపెట్టి శుభలేఖల మీద కొట్టమని యంత్రానికి చెప్పి, మహానుభావుడు టీకి పోయాడు. తిరిగొచ్చి, చూడకుండానే కట్టకట్టి ఇంటికి పంపాడు. తల్లి సుబ్బరత్నం మూలలకు పసుపు రాసి, మామలకు అందించి రమ్మని పాలేరు యల్లమంద చేతికిచ్చి బస్సెక్కించింది.

సాయంత్రం మిగిలిన శుభలేఖ చూసి అంకారావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క పేరూ లేదు.

"ఏందమ్మా, కింద ఖాళీగా ఉంటే చెప్పొద్దా?"

"కంప్యూటరు అచ్చు గదా, నా కళ్ళకి ఆనలేదనుకున్నా నాయనా!"

మిల్లుకు పరిగెత్తి, యంత్రంతో వచ్చిన పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. విడగొట్టమనేచోట ఆ యంత్రానికి చుక్కంటే చుక్క కాదు, ఏ అక్షరమైనా సరే. అంటే ప్రతి అక్షరం దగ్గరా నరకమన్నాడన్నమాట. అది బుద్ధిగా నరికి, నరికినచోటి అక్షరాన్నల్లా పారేసింది. ఇంకేం మిగులుతుంది? చుక్క ముందు, ఇది ఉత్త చుక్కేనని చెప్పే వాలుగీత ఒక్కటి పెట్టి ఉంటే బతికిపోయేవాడు.

మర్నాడు పొద్దున్నే మేనమామలిద్దరూ శుభలేఖలు పట్టుకుని ఒకే బస్సు దిగారు, ఎడమొహం పెడమొహంగా.

"ఒరేయ్ అంకా! నా పేరేదిరా?" ఈశ్వరయ్య గుడ్లురిమాడు.

"నాది తీసేసి మా అన్నది ఏశావా?" బాలకోటయ్య అన్న చేతిలోది లాక్కున్నాడు. చూశాడు. తిప్పి చూశాడు. "ఇందులోనూ లేదే!"

ఈశ్వరయ్య తమ్ముడిది తీసుకుని పరీక్షగా చూశాడు. మొహం విచ్చుకుంది. "వీడిదీ లేదా? అట్టా చెప్పు మరి! చానా పద్ధతిగా కొట్టించావురా."

"పొరపాటైంది మామా. ఓ చుక్క మీ పేర్లు మింగింది. ఇయ్యాలే సరిచేసి మళ్ళీ కొట్టిస్తా..."

"ముట్టుకున్నావంటే పెళ్ళికి రాం!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

పెళ్ళినాడు బుట్టను చెరోపక్కా పట్టి మోశారు. సుబ్బరత్నం కళ్ళొత్తుకుంది. అంకారావు మాత్రం ఆ వాలుగీత సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత చుట్టుపక్కల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళంతా మిల్లుకొచ్చి, పేర్లు మింగే ఆ చుక్కతోనే కొట్టివ్వమని అడగసాగారు.