ఊఁ అంటే ఖరారు

తెలుగు మనిషి నోరు విప్పకముందే అతని మనసు కనిపెట్టే యంత్రం ఎట్టకేలకు తయారైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నోయిడాలోని ఒక పరిశోధనశాల దాన్ని తయారుచేసింది. చెవిగా మైకు, కన్నుగా కెమెరా, ముఖంగా ఒక తెర అమర్చి, 'శ్రోత' అని నామకరణం చేశారు.

తెలుగువాళ్లు ఏ చప్పుడు చేస్తే ఏమని అర్థమో దానికి నేర్పాలి కదా. అందుకు ఎవరూ గడప దాటనక్కరలేకపోయింది. డైరెక్టరు రాధాకృష్ణమూర్తిగారు తన కింది ఉద్యోగులతో జరిపే సమావేశాల రికార్డింగులే దానికి వినిపించారు. ఆయన మాట్లాడతారు, మిగిలినవాళ్లు "ఊఁ" అంటారు. కాబట్టి ఊఁ అంటే సంపూర్ణ అంగీకారమని యంత్రం గ్రహించింది. ఊఁ అననివాళ్లు తర్వాతి సమావేశంలో వినపడలేదు గనుక, మౌనంగా ఉన్న మనిషి అసలు లేనట్టేనని గ్రహించింది. "వద్దు" అనే మాట ఏ రికార్డింగులోనూ దొరక్కపోవడంతో అది తెలుగు మాట కాదని తీర్మానించింది. శాస్త్రమంటే అంత నిక్కచ్చిగా ఉండాలి.

ఇలా విద్యావంతురాలైన యంత్రాన్ని ఇందిరాపురంలోని తెలుగు అమ్మాయిల హాస్టల్లో గదులు కేటాయించే పనిలో పెట్టారు. సరిగ్గా ప్రారంభోత్సవం నాడే కావేరి పెట్టె పట్టుకుని రైలు దిగింది.

కావేరి పల్లెటూరి బడిలో చదివి ఢిల్లీ కాలేజీలో సీటు తెచ్చుకున్న పిల్ల. హాస్టల్లో ఒక్క గదే ఖాళీగా ఉంది. అది దొరక్కపోతే తిరుగు రైలెక్కి వచ్చేయమని నాన్న ముందే చెప్పి పంపాడు. కొత్తవాళ్ల ముందు ఆమెకు గొంతు పెగలదు. అయితే ఎవరైనా ఏదైనా చెబుతుంటే మధ్యమధ్య ఊఁ కొట్టాలన్న మర్యాద మాత్రం బాగా తెలుసు. ఊఁ కొట్టకపోతే నాయనమ్మ కథ అక్కడే ఆపి, "గోడకు చెప్పుకుంటున్నానా నేను?" అని అటు తిరిగి పడుకునేది మరి.

యంత్రం ఆప్యాయంగా మొదలుపెట్టింది.

"అమ్మా, మీ గదికి పెద్ద కిటికీ ఉంది."

"ఊఁ."

"ఏసీ కూడా ఉంది."

"ఊఁ."

"చల్లదనం మనుషులకన్నా యంత్రాలకే ఎక్కువ అవసరం."

"ఊఁ."

"నేనూ యంత్రాన్నే."

పాపం, దాని కష్టం దానిదని కావేరి ఇంకాస్త జాలిగా "ఊఁ..." అంది.

తెర మీద అక్షరాలు వెలిగాయి. 'గది: శ్రోతకు. విద్యార్థిని: వరండాకు. ఖరారు చేయమంటారా?'

కావేరికి నోట మాట రాలేదు. వెంటనే యంత్రం, "విద్యార్థిని లేరు. కాసేపట్లో ప్రవేశం రద్దవుతుంది" అని ప్రకటించింది. ఆ లేని విద్యార్థిని దాని ఎదురుగానే నిలబడి చెమటలు తుడుచుకుంటోంది.

వార్డెన్ కూతురు భావన ఢిల్లీలోనే పుట్టి పెరిగింది. ఆమె పరుగున వచ్చి, "అరే యార్, దానికి ఊఁ ఊఁ ఎందుకంటున్నావ్? నో బోల్ దో, నో అనెయ్!" అంది.

"దానికి ఇంగ్లీషు రాదంటక్కా" అని గొణిగింది కావేరి.

"అయితే తెలుగులో చెప్పు!"

"ఇద్దరూ గోల చేయకండి, గెస్టులొచ్చే వేళ" అని వార్డెన్ కమలాకుమారి కసిరింది. "వరండా అయితే ఏమయిందే అమ్మాయ్? గాలి ఆడుతుంది."

కావేరి కళ్లు గట్టిగా మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ల ముందు ఎన్నడూ అనని మాట అనేసింది. "వద్దు."

యంత్రం తన రికార్డింగులన్నీ వెతికింది. "మీకు దగ్గు వచ్చినట్టుంది. మంచినీళ్లు తాగి మళ్లీ చెప్పండి."

"వద్దండీ! వద్దు!"

"దగ్గు ముదిరింది. గాలి తగిలే చోటు శ్రేయస్కరం. వరండా సిఫారసు చేయడమైనది."

ఇంతలో డైరెక్టరుగారు అతిథులతో విచ్చేసి ఉపన్యాసం అందుకున్నారు. "మిత్రులారా! తెలుగువాడి గుండె చప్పుడు వినే నాథుడు ఇన్నాళ్లూ లేడు."

అతిథులు "ఊఁ" అన్నారు.

"ఇకమీదట ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన ఖర్మ పట్టదు!"

"ఊఁ."

"సార్, నా గది..." అంది కావేరి, ఆయన మోచేతి పక్కనుంచి.

ఆయన ఆమె తల నిమిరి, "చూశారా! ఈ పల్లెటూరి పిల్ల కూడా యంత్రంతో ఎంత చక్కగా మాట్లాడుతోందో! అందరికీ సమ్మతమేగా?" అన్నారు. ఏ విషయం సమ్మతమో ఎవరూ అడగలేదు. హాలు హాలంతా "ఊఁ" అంది.

"ఖరారైంది" అంది యంత్రం. చప్పట్లు మారుమోగాయి.

ప్రస్తుతం శ్రోత కిటికీ గదిలో చల్లగా కులాసాగా ఉంది. కావేరి వరండాలో దోమల మధ్య చదువుకుంటూ, పొద్దున్నే లేచి "వద్దు, వద్దు" అని గొంతెత్తి సాధన చేస్తోంది. భావన కూడా తోడు కూర్చుంటోంది. పరిశోధనశాలవారు ఆ ధ్వనిని శ్రద్ధగా రికార్డు చేసి, 'ఆడపిల్లల్లో దగ్గు: ఒక కొత్త రకం' అని పత్రం సమర్పించారు. దానికి ఒక విదేశీ సభలో ప్రశంస కూడా లభించింది.

ఇంత విన్నాక, పాపం అన్యాయమే సుమా అన్నట్టు మీరు మెల్లగా ఊఁ అన్నారు చూశారా?

అదీ ఖరారైంది.