కృపారాణికి సీటు దొరికింది

ఆ సోమవారం కృపారాణి అనుకున్నది చిన్న పనే. తొలి బస్సుకు ఆత్మకూరు వెళ్లి, ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే నాయకత్వ శిక్షణలో కూర్చుని, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. ఆమె దుత్తలూరు మండలంలో ఒక పల్లెకు నర్సు. ఊరి కాలవ పూడిపోయి, దోమలు పెరిగి, ఇంటింటా జ్వరాలు. కాలవ తీయించమని సర్పంచి పెంచలనరసింహాన్ని అడిగి అడిగి విసిగిపోయింది. ఒక్కరి చేతా పని చేయించలేని తనకు నాయకత్వం నేర్పడమేమిటని ఆమెకే నవ్వొచ్చింది.

బస్టాపులో టీకొట్టు వెంగయ్య పలకరించాడు. "పొద్దున్నే యాడికి సిస్టరమ్మా?"

"ఆత్మకూరుకన్నా. లీడర్ ట్రైనింగు."

వెంగయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎవురు పంపిస్తా ఉండారు?"

"పైవోళ్లే. నా పేరు వాళ్లే రాసినారు," అంటూ ఆమె బస్సెక్కేసింది.

బస్సు మలుపు తిరిగేసరికి, పంచాయతీ ఎన్నికల్లో సిస్టరమ్మ పోటీ చేస్తోందని కొట్టు దగ్గర తేలిపోయింది. నిజం కనుక్కుందామని వెంగయ్య ఆమె అత్త రాహేలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, నీ కోడలికి సీటు ఇచ్చినారంటనే?"

"ఆఁ, దొరికిందంట నాయనా! ఇప్పుడే ఫోన్ చేసింది. సోమవారం బస్సులో సీటు దొరికేది మాటలా?" అంది రాహేలమ్మ. రెండో మాట వినడానికి వెంగయ్య అక్కడ లేడు.

వెంగయ్య నోట ఆ మాట విన్న సర్పంచి కృపారాణికి ఫోన్ చేశాడు. క్లాసులో ఉన్నందున ఆమె ఫోన్ ఆపేసింది. "పెద్దోళ్లతో మీటింగులో ఉండాది," అన్నాడు వెంగయ్య. పెంచలనరసింహానికి అన్నం సయించలేదు. ఓట్లడగడానికి ఆమె దగ్గరున్నది ఒక్క కాలవ గొడవే. అదే లేకపోతే ఏం మాట్లాడుతుంది? మధ్యాహ్నానికల్లా జేసీబీ దిగింది. పనిలో పనిగా మంచినీళ్ల ట్యాంకు కూడా కడిగించాడు.

సాయంత్రం బస్సు దిగిన కృపారాణి మెడలో వెంగయ్య పూలదండ వేశాడు.

"ఏందన్నా ఇది?"

"లీడరు అయినావు గదమ్మా!"

"ఒక్క రోజుకే యాడయితాను? ఇంకా రెండు క్లాసులు ఉండాయి."

సర్పంచి జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. "మొగమాటం లేకుండా చెప్పు సిస్టరమ్మా. ఎలక్షన్లో నామీద నిలబడతావా?"

"గవర్నమెంటు ఉద్యోగం ఇడిచిపెట్టి నీమీద నిలబడేదానికి నాకేం పట్టిందన్నా? జ్వరాలొచ్చినప్పుడు అందరి చేత ఎట్ట పని చేయించాలో నేర్పినారు, అంతే."

సర్పంచి ముఖం వికసించింది. వెంటనే ఫోన్ తీశాడు. "రేయ్, జేసీబీ ఆపు. ఇంటికి పోండి."

కృపారాణి కాలవ వైపు చూసింది. సగం శుభ్రం, సగం బురద. జరిగిందేమిటో అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ బతిమాలింది గాని, ఈసారి బతిమాలబుద్ధి కాలేదు. మెడలో దండ తీసి పెంచలనరసింహం మెడలో వేసింది.

"అందరూ ఇనండి! అన్న సగం కాలవ తీయించినాడు. మిగతా సగం రేపు దగ్గరుండి తీయిస్తాడు. చప్పట్లు కొట్టండి!"

చప్పట్లు మోగాయి. ఎవరో వీడియో కూడా తీశారు. సర్పంచి దండ సర్దుకుని, వేరే దారి లేక నవ్వి, మళ్లీ ఫోన్ చేశాడు. "రేయ్, రేపు పొద్దున్నే రాండి."

ఆ నెలలో జ్వరాలు తగ్గాయి. తర్వాతి శిక్షణకు పక్క ఊరి నర్సును పిలిచారని తెలియగానే, అక్కడి సర్పంచి ఆదివారమని కూడా చూడకుండా జేసీబీని దింపాడు.